పెరంబూరు ఆదివారాలు

మా నాన్న నోట దేవుణ్ణి గురించిన ఉపన్యాసం నేనెన్నడూ వినలేదు. ఆయన పెరంబూరులో రైలు పెట్టెలు తయారుచేసే ఐ.సి.ఎఫ్. (ఇంటెగ్రల్ కోచ్ ఫ్యాక్టరీ) కర్మాగారంలో ఫిట్టరు. గుంటూరు జిల్లా ఫిరంగిపురం దాపున ఉన్న ఒక పల్లె నుంచి మద్రాసుకు వచ్చి, 1962లో ఫర్నిషింగ్ విభాగం మొదలైన కొత్తలో పనిలో చేరి, రైలు పెట్టెలకు బెర్తులూ కిటికీలూ బిగిస్తూ పదవీ విరమణ దాకా అక్కడే గడిపారు. మా వైపు ఆర్.సి.ఎం. (రోమన్ కతోలిక మిషన్) కుటుంబాల్లో విశ్వాసం ఇంటిపేరులా పుట్టుకతోనే వచ్చేది కనుక దాన్ని గురించి ప్రత్యేకంగా మాట్లాడుకునే అలవాటు ఎవరికీ ఉండేది కాదు. కతోలిక జీవితమంటే ఏమిటో నాకు తెలిసినంతలో సత్యోపదేశం తరగతిలో కంఠస్థం చేసిన ప్రశ్నోత్తరాల వాటా తక్కువ. ఆదివారం పూజ ముగిశాక నాన్న ఎటు వెళ్లేవారో, అమ్మ వంటింట్లో బియ్యం ఎలా కొలిచేదో చూసి నేర్చుకున్నదే ఎక్కువ.

ఐ.సి.ఎఫ్. కాలనీలో మాది రెండు గదుల క్వార్టరు. నాన్నకు రాత్రి షిఫ్టు లేని రోజుల్లో, సాయంత్రం ఏడు దాటాక యేసు తిరుహృదయ పటం ముందు చాప పరచి జపమాల మొదలుపెట్టేవాళ్లం. జపమాలలో తలచుకునే యేసు, మరియమ్మల జీవిత ఘట్టాలే దేవరహస్యాలు. సోమ, గురువారాలు సంతోష దేవరహస్యాలు, మంగళ, శుక్రవారాలు దుఃఖ దేవరహస్యాలు, తక్కిన రోజులు మహిమ దేవరహస్యాలు. నాన్న ‘దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము’ అని ఎత్తుకుంటే ‘పరిశుద్ధ మరియమ్మా’ అంటూ మేము అందుకునేవాళ్లం. మూడో రహస్యానికి వచ్చేసరికి తమ్ముడు గోడకు ఒరిగి నిద్రపోయేవాడు. నాయనమ్మ కూడా కళ్లు మూసుకునే ఉండేది గాని, ఎవరైనా ఒక మంగళవార్త జపం, అంటే ఆ మరియమ్మ వందనం, దాటేస్తే మాత్రం అక్కడికక్కడే పట్టేది. ఆ వేళకు పక్కింటివారు రేడియో శబ్దం తగ్గించేవారు. ధనుర్మాసంలో తెల్లవారుజామున వాళ్లు పాశురాలు చదువుకునేటప్పుడు మేము కుళాయి దగ్గర బిందెల చప్పుడు కాకుండా చూసుకునేవాళ్లం. ఈ ఏర్పాటును గురించి రెండిళ్లవారూ ఎప్పుడూ ఒక మాటైనా అనుకున్నట్టు నాకు గుర్తు లేదు.

జపమాల చివర నాన్న కొందరికోసం ప్రత్యేకంగా ప్రార్థించమనేవారు. ఆయన ఎవరి పేరూ చెప్పేవారు కాదు. ‘వ్యాసర్పాడిలో మంచం పట్టిన పెద్దాయన కోసం’, ‘మూడో అంతస్తులో ఉండే తల్లి కోసం’, ‘ఉద్యోగం పోయిన తండ్రి కోసం’ అని మాత్రం అనేవారు. వాళ్లెవరో తెలుసుకోవాలని మాకు విపరీతమైన ఆసక్తి ఉండేది. అడిగితే ‘దేవుడికి అడ్రసు తెలుసులే, మీరు జపం చెప్పండి’ అని నవ్వేసేవారు. పేర్లు ఎందుకు చెప్పరో పెద్దయ్యాక తెలిసింది, ఆ సంగతి తరువాత చెబుతాను.

మేము పూజకు వెళ్లేది పెరంబూరు లూర్దుమాత దేవాలయానికి. ఫ్రాన్సులోని లూర్దు బసిలికా పోలికతో కింద ఒకటి, పైన ఒకటిగా కట్టిన గుడి అది. పూజ తమిళంలో జరిగేది. నాయనమ్మ మద్రాసుకు వచ్చిన మొదటి సంవత్సరం, తనకు అర్థంకాని ప్రసంగం సాగినంతసేపూ జపమాల తిప్పుకుంటూ కూర్చునేదట. కానీ ఫిబ్రవరి 11న పండుగ జరగడం చూసి ఆమె మనసు కుదుటపడింది. 1858లో అదే తేదీన లూర్దు గుహలో మరియమాత బెర్నదెత్తు అనే బాలికకు మొదటిసారి కనిపించింది. 1924లో ఆ మాత స్వరూపం నిలిపిన బెజవాడ గుణదల కొండ మీద తిరునాళ్లు కూడా ఆ రోజుల్లోనే. పెళ్లయిన నాటి నుంచి గుణదల తిరునాళ్లకు బండి కట్టించుకుని వెళ్లిన మనిషి కనుక, ‘ఊరు మారింది గాని అమ్మ మారలేదు’ అని తనకు తానే సర్దిచెప్పుకుంది. పాపసంకీర్తనం, అంటే గురువు ఎదుట పాపాలు ఒప్పుకోవడం, మాత్రం చివరిదాకా తెలుగులోనే చేసింది. గుడిలోని తమిళ గురువుగారు ఓపికగా వినేవారు, ఆ తరువాత ఎన్ని మంగళవార్త జపాలు చెప్పాలో చెక్క జాలీ దగ్గర వేళ్లెత్తి చూపేవారు. ‘ఈసారి ఎన్ని వేళ్లే నాయనమ్మా?’ అని అడిగితే మా వీపు మీద ఒక్కటి వేసేది.

ఆమె పట్టుదల తిండి దగ్గర మరీ ఎక్కువ. ఆమె కాలంలో పూజలో ఇచ్చే అప్పం, అంటే దివ్యసత్ప్రసాదం, తీసుకోదలచినవారు అర్ధరాత్రి నుంచి మంచినీళ్లు సైతం ముట్టరాదు. పన్నెండవ పయస్ పోపుగారు 1953లో నీళ్లు తాగవచ్చని అన్నారు, 1957లో ఉపవాసాన్ని మూడు గంటలకు కుదించారు. 1964లో ఆరవ పౌలు పోపుగారు దాన్ని ఒక్క గంటకు తగ్గించారు. ఈ మార్పులన్నీ ఎవరు వివరించినా ఆమె శ్రద్ధగా విని, శనివారం రాత్రి భోజనం తరువాత మళ్లీ ఆదివారం పూజ అయ్యేదాకా ఏమీ తాగేది కాదు. అరవైకి చేరినవారికి విభూతి బుధవారం, పవిత్ర శుక్రవారం ఉపవాసం తప్పనిసరి కాదని కతోలిక శ్రీసభ చట్టమే చెబుతోందని నాన్న అంటే, ‘చట్టం వయసు చూస్తుంది, నా ఆకలి సంగతి దానికేం తెలుసు’ అనేది.

అమ్మ పద్ధతి వేరు. శుక్రవారం మా ఇంట్లో మాంసం వండేది కాదు. చేపలకు అభ్యంతరం లేదని కాలనీలోని తక్కిన కతోలిక ఇళ్లలో శుక్రవారం పూట వంజరం ముక్కలు వేయించుకునేవారు. మాంసం కన్నా ఖరీదైన చేప తిని దాన్ని త్యాగం అనడం అమ్మకు నవ్వు తెప్పించేది. ఆమె గోంగూర పచ్చడి, కందిపప్పు వండి, మిగిలిన డబ్బు తిరుహృదయ పటం వెనక ఉన్న కవరులో పెట్టేది. ప్రతి పూటా కుటుంబానికి కావలసిన బియ్యం కొలిచి గిన్నెలో పోశాక, అందులోంచి ఒక పిడికెడు తీసి పాత హార్లిక్స్ సీసాలో వేసేది. అలా తీయడంలో చిన్న కిటుకు ఉంది, నాకు అమ్మే చెప్పింది. డబ్బాలోంచి అదనంగా ఒక పిడికెడు తీసి సీసాలో వేస్తే అది దానం. వండబోయే బియ్యంలోంచి తీస్తే ఆ పూట మనం పిడికెడు తక్కువ తిన్నట్టు. ఈస్టరుకు ముందు వచ్చే తపస్సుకాలంలో ఆ తేడా మాకు కంచంలో తెలిసేది. సీసా నిండినప్పుడల్లా ఆ బియ్యం నాన్న గుడ్డ సంచిలోకి మారేది.

ఇక ఆ సంచి సంగతి. నాన్న పునీత విన్సెంట్ డి పాల్ సంఘంలో సభ్యులు. ఈ సంఘం పుట్టింది మన దేశంలో కాదు. 1833లో పారిస్‌లో ఫ్రెడరిక్ ఓజనాం అనే ఇరవయ్యేళ్ల యువకుణ్ణి, మీ శ్రీసభ ఒకప్పుడు గొప్పదే, ఇప్పుడు పేదలకోసం ఏం చేస్తోందో చూపించమని తోటి విద్యార్థులు నిలదీశారట. ఆయన వాదన కట్టిపెట్టి, కొందరు మిత్రులను కూడగట్టుకుని, రోసలీ రాండ్యు అనే మఠకన్య చూపిన పేదల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టాడు. అప్పటినుంచి సంఘం నియమాలు పెద్దగా మారలేదు. సభ్యులు వారం వారం కలుసుకోవాలి. పేదల ఇళ్లకు ఇద్దరిద్దరుగా స్వయంగా వెళ్లాలి. ఎవరికి ఏం ఇచ్చారో బయట చెప్పకూడదు. సమావేశం చివర ఒక చిన్న సంచి చేతులు మారుతుంది. ప్రతివారూ పిడికిలి బిగించి లోపల పెట్టి, తమ శక్తికొద్దీ వేసి, ఖాళీ చేతిని బయటికి తీస్తారు. ఎవరు ఎంత వేశారో, అసలు వేశారో లేదో ఎవరికీ తెలియదు. ఆ వారం సొంత ఇంట్లోనే ఇబ్బంది ఉన్న సభ్యుడు ఖాళీ పిడికిలి పెట్టి తీసినా అతని మర్యాదకు లోటు రాదు. ఇంత ఆలోచనతో చేసిన ఏర్పాటును నేను మరెక్కడా చూడలేదు.

ఎనిమిది గంటల పూజ అయ్యాక నాన్న, ఆయన జతగాడైన ఒక తమిళ గుమాస్తాగారు సైకిళ్ల మీద వ్యాసర్పాడి, పుళియంతోపు వైపు వెళ్లేవారు. నాకు కొంచెం ఊహ తెలిశాక, ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని నన్ను కూడా తీసుకువెళ్లడం మొదలుపెట్టారు. చిన్నపిల్ల వెంట ఉంటే ఇంట్లోని ఆడవాళ్లు సంకోచం లేకుండా మాట్లాడతారని ఆయన లెక్క అయి ఉండవచ్చు. మద్రాసు నగరంలో పారిశుధ్య పని చేసే కార్మికుల్లో చాలామంది తరాల క్రితం తెలుగు జిల్లాల నుంచి వచ్చినవారే. వాళ్ల ఇళ్లలో మాట్లాడేది తెలుగు, పిల్లలు బడిలో చదివేది తమిళం. సంఘం సహాయం పొందే కుటుంబాల్లో అలాంటివి కొన్ని ఉండేవి. కతోలికులూ ఉండేవారు, కానివారూ ఉండేవారు, సంఘం ఆ తేడా చూడదు. నాన్నకు తెలుగు వచ్చు కనుక ఆ ఇళ్లు ఆయన వంతుకు వచ్చాయి.

ఇక్కడ ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మాది రెడ్ల కుటుంబం. మా పల్లెలోని గుడిలో ఎవరు ముందు కూర్చోవాలో, ఎవరు తలుపు దగ్గర కూర్చోవాలో ఎవరూ చెప్పకుండానే అందరికీ తెలిసేది. ఒకే పీఠం, ఒకే సత్ప్రసాదం, కాని సమాధుల తోటలో కూడా వరుసలు వేరు. అలాంటి ఊళ్లో పెరిగిన నాన్న పుళియంతోపు ఇళ్లలో వాళ్లు వేసిన చాప మీద కూర్చుని, వాళ్లిచ్చిన కాఫీ తాగేవారు. మొదటిసారి ఆ కాఫీ గ్లాసు నా చేతికి వచ్చినప్పుడు, నాయనమ్మ మాటలు వింటూ పెరిగిన పిల్లను కనుక, నేను నాన్న ముఖం వైపు చూశాను. ఆయన నావైపు చూడనే లేదు. గృహిణితో ‘చక్కెర కొంచెం ఎక్కువ పడిందమ్మా, నాకు ఇలాగే ఇష్టం’ అంటూ తాగుతున్నారు. నేనూ తాగాను. దారిలో దాన్ని గురించి ఆయన ఏమీ అనలేదు.

ఇంటికి వచ్చాక నాయనమ్మకు చెప్పింది తమ్ముడే అనుకుంటాను. ఆమె ఆ రోజు నాన్నతో మాట్లాడలేదు. మరుసటి ఆదివారం మాత్రం, ఆయన సంచి సర్దుకుంటుండగా లోపలినుంచి చింతకాయ పచ్చడి జాడీ ఒకటి తెచ్చి, ‘ఆ తెలుగు పిల్లకు ఇవ్వు, ఈ ఊళ్లో వాళ్లకు మంచి పచ్చడి ఎక్కడ దొరుకుతుంది’ అంది. ఆమె పూర్తిగా మారిపోయిందని నేను అనను. ఆ ఇంటి మనిషి ఒకసారి మా క్వార్టరుకు వస్తే, ఆమెకు కాఫీ ఇవ్వవలసిన గ్లాసు విషయంలో నాయనమ్మ తటపటాయించడం నేను చూశాను. అమ్మ వెళ్లి నాన్న గ్లాసు తీసి అందులోనే పోసి ఇచ్చింది. మా ఇంట్లో సువార్తకూ కులానికీ జరిగిన తగవు అంతా ఆ గ్లాసుల మధ్యే నడిచింది. ఏ ప్రసంగంలోనూ దాన్ని అంత స్పష్టంగా విన్నట్టు నాకు గుర్తు లేదు.

కర్మాగారంలో నాన్న ఎలా ఉండేవారో తోటివారు చెప్పగా విన్నదే. బెర్తు బిగించాక దాని మీద తాను ఒకసారి పడుకుని లేచేవారట. ఐ.సి.ఎఫ్. ప్రారంభమైన 1955లోనే పోపుగారు మే 1ని శ్రామికుడైన పునీత జోజప్పగారి పండుగగా ప్రకటించారు. ఈ రెండింటికీ ఏ సంబంధమూ లేకపోయినా నాన్నకు ఆ సంవత్సరం మీద ప్రత్యేకమైన మమకారం. మే డే ఉదయం పూజకు వెళ్లి, అక్కడినుంచి యూనియన్ జెండా ఎగరవేసే చోటికి వెళ్లేవారు. ఆయుధపూజ నాడు వర్క్‌షాపులో యంత్రాలన్నీ కడిగి, పసుపు కుంకుమలు పెట్టేవారు. మా బంధువుల్లో కొందరు ఆ రోజు సెలవు పెట్టమని సలహా ఇచ్చేవారు. నాన్న వెళ్లి, అందరికన్నా ముందు తన యంత్రం శుభ్రం చేసి, హారతి వేళ పక్కన మర్యాదగా నిలబడి, పంచిన మరమరాలు, గుగ్గిళ్లు పొట్లం కట్టించుకుని ఇంటికి తెచ్చేవారు. ఇతర మతాల్లో సత్యమైనదాన్నీ పవిత్రమైనదాన్నీ శ్రీసభ తిరస్కరించదని 1965లో వాటికన్ మహాసభ ప్రకటించిన సంగతి ఆయనకు తెలుసో లేదో నాకు తెలియదు. తోటివాడి పండుగ నాడు మొహం చాటేయడం ఆయన స్వభావంలోనే లేదు.

క్రిస్మస్‌ల గురించి రాయడానికి పెద్దగా ఏమీ లేదు, అన్ని ఇళ్లలాగే మా ఇల్లు కూడా. 1986 ఫిబ్రవరిలో రెండవ జాన్ పాల్ పోపుగారు మద్రాసు వచ్చినప్పుడు మాత్రం జనంలో నిలబడి, దూరంగా ఒక తెల్లని ఆకారాన్ని చూసి వచ్చాం. ఆ మర్నాడు నాన్న ఎప్పటిలాగే షిఫ్టుకు వెళ్లారు.

తొంభైలలో మా ప్రాంతంలోని పాత బట్టల మిల్లు మూతపడ్డాక సంఘం పని స్వభావమే మారిపోయింది. అంతవరకు సాయం అడిగినవారు ఎక్కువగా వితంతువులు, వృద్ధులు. ఇప్పుడు నిన్నటిదాకా జీతం తెచ్చి, పండుగకు పిల్లలందరికీ బట్టలు కుట్టించిన మగవాళ్లు. పట్టపగలు ఇద్దరు మనుషులు సంచితో తమ గడప ఎక్కితే వీధంతా చూస్తుందని వాళ్ల బాధ. నాన్న, ఆయన జతగాడు అప్పటినుంచి ఆదివారం ఉదయం బదులు వారం మధ్యలో చీకటి పడ్డాక వెళ్లడం మొదలుపెట్టారు. సంచి బదులు డబ్బు చిన్న కవరులో పెట్టి, కూర్చుని లోకాభిరామాయణం మాట్లాడి, వచ్చేటప్పుడు కవరు చాప కింద పెట్టి వచ్చేవారు. జపమాల చివర ఆయన పేర్లు ఎందుకు చెప్పేవారు కాదో అప్పుడు అర్థమైంది. ఆ తండ్రుల పిల్లలు మా తమ్ముడి తరగతిలోనే చదివేవారు. 1997లో ఓజనాంను పారిస్‌లో ధన్యుడిగా, అంటే పునీతుడికి ముందు మెట్టుగా, ప్రకటించిన వార్త చదివి, నాన్న ఆ పేజీని కత్తిరించి బీరువా తలుపుకు లోపలివైపు అంటించుకున్నారు.

పోపుగారు 1992లో ఫిబ్రవరి 11ని ప్రపంచ వ్యాధిగ్రస్తుల దినంగా ప్రకటించారు. మరుసటి ఏటి నుంచి ఆ రోజు రోగులను దేవాలయానికి తీసుకువచ్చి గురువుగారి చేత తైలాభ్యంగనం, అంటే రోగుల కోసం ప్రార్థించి తైలం రాయడం, ఇప్పించడం నాన్న తన బాధ్యతగా పెట్టుకున్నారు. ఆటోలు మాట్లాడటం, మెట్లు ఎక్కలేనివారిని కుర్చీలో మోయించడం, ఎండ తగలకుండా కూర్చోబెట్టడం ఆయన పని. గుండె జబ్బుతో పెరంబూరు రైల్వే ఆసుపత్రిలో పడి లేచిన తరువాతి సంవత్సరం కూడా ఆయన ఆటోల కోసం తిరుగుతుంటే, జతగాడైన గుమాస్తాగారు భుజం పట్టి ఆ కుర్చీల వరుసలోనే కూర్చోబెట్టారు. గురువుగారు నుదుట తైలం రాస్తుంటే నాన్న ముఖంలో కనిపించింది భక్తి కాదు, ఇబ్బంది. ఇచ్చే వరుసలో ఇంతకాలం నిలబడిన మనిషికి పుచ్చుకునే వరుసలో కూర్చోవడం కష్టమైంది. చాప మీద కూర్చుని ఇచ్చిన కాఫీ తాగడం ఆయనకు అంత సులువుగా వచ్చినా, ఇది మాత్రం నేర్చుకోవలసి వచ్చింది.

ఆయనను కీళ్పాక్ సమాధుల తోటలో ఉంచాం. నవంబరు 2న, సకల ఆత్మల దినాన, పూలు తీసుకుని వెళ్తే మేము పెట్టని పూలు ముందే అక్కడ ఉంటాయి. ఎవరు పెట్టారని మేము ఆరా తీయలేదు.

అమ్మ ఇప్పుడు తమ్ముడి దగ్గర ఉంటోంది. 2002లో పోపుగారు జపమాలకు వెలుగు దేవరహస్యాలు చేర్చి, గురువారం వాటికి కేటాయించినప్పుడు ఆమె ఒప్పుకోలేదు. ‘గురువారం నాడు బాలయేసు పుట్టుకను ఎందుకు తీసేశారు’ అని విచారణ (గుడి పరిధి) బాధ్యత చూసే గురువుగారినే అడిగింది. తీసేయలేదు, శనివారానికి మార్చారని ఆయన చెప్పాక, చాలా రోజులు రెండూ కలిపి చెప్పుకుంది. రాత్రి తొమ్మిదికి నేను ఫోన్ చేస్తే ఒక రహస్యం ఇద్దరం కలిసి చెప్పుకుంటాం, తక్కినవి ఆమె సొంతంగా పూర్తి చేస్తుంది. మా ఇంట్లో హార్లిక్స్ సీసా లేదు. ముగ్గురికి కుక్కర్లో పెట్టే బియ్యంలోంచి పిడికెడు తీస్తే ఏం మిగులుతుందని మావారు నవ్వుతారు. నేను మాత్రం తీస్తాను, ప్లాస్టిక్ డబ్బాలో వేస్తాను.

నాన్న పోయాక ఆయన సంఘంలో నేను చేరాను. ఈ మధ్య కొందరు యువ సభ్యులు, ఇళ్లకు వెళ్లే బదులు ప్రతి కుటుంబానికీ నెలనెలా ఫోన్ ద్వారా డబ్బు పంపిస్తే సమయం కలిసివస్తుందని, అవతలివారికి గౌరవంగానూ ఉంటుందని ప్రతిపాదించారు. వాళ్లు చెప్పినదాంట్లో న్యాయం ఉంది, మిల్లు మూసిన రోజుల్లో చాప కింద పెట్టిన కవరు కూడా అలాంటి ఆలోచనే. అయినా నేను ఒప్పుకోలేదు. డబ్బు పంపవచ్చు, పంపుతున్నాం కూడా. కాని మందులు అయిపోయాయని ఫోన్ చెప్పదు, పిల్ల బడి మానేసిందని చెప్పదు, మొన్న వానకు కప్పు కారుతోందని చెప్పదు. అవి వెళ్లి కూర్చుంటేనే తెలుస్తాయి. ప్రస్తుతం మాకు జతలు సరిపోవడం లేదు. ఎనిమిది గంటల పూజ తరువాత పుళియంతోపు వైపు రావడానికి ఇద్దరు కావాలి. తమిళం రావాలి, తెలుగు వస్తే మరీ మంచిది, నాలుగంతస్తులు మెట్లెక్కగలగాలి, కాఫీ వద్దనకూడదు.